'మీ దేశం' చూసొచ్చినాం

"మీకేం సాయిబూ, యాభై దేశాలున్నాయి. మాకున్నది ఇదొక్కటే."

ఈ మాట వినని ముస్లిం తెలుగునేల మీద ఉండడు. టీ అంగడి కాడ నవ్వుతా అంటారు. క్రికెట్ మ్యాచ్ రోజు కోపంగా అంటారు. ఎన్నికలొస్తే మైకులో అంటారు. సరే, ఆ యాభైలో ఒక దేశానికి మేం నిజంగానే పోయినాం. కడప, రాయచోటి, రాజంపేట వీధుల నుంచి అప్పు చేసి, టికెట్ కొని కువైట్ పోయినాం. ఆ దేశం మాదో కాదో చెప్పడానికి మాకంటే సాక్షులు ఎవరున్నారు? కువైట్ సిటీలో తొలి పది రోజుల లెక్క చెప్తాను. వినండి.

విమానం దిగినాక మన మతం ఎవరూ అడగరు. వీసా నంబరు అడుగుతారు. పద్దెనిమిదా, ఇరవయ్యా? పద్దెనిమిదంటే కంపెనీ పని. ఇరవై అంటే ఇంటి పని. మా ఊళ్లల్లో దాన్ని ఖద్దామా వీసా అంటారు. నాది ఇరవై, ఇంటి డ్రైవరు పని. రక్తం తీసినారు, ఎక్స్‌రే తీసినారు, వేలిముద్రలు తీసినారు. నా ముందు వరసలో నేపాలీ ఉన్నాడు, వెనక శ్రీలంక తల్లి ఉంది. అబ్దుల్ అయినా ఆనందరావు అయినా ఆ కిటికీ కాడ ఒకటే. బతాకా అనే గుర్తింపు కార్డు చేతికొచ్చేదాకా రోడ్డు మీద పోలీసును చూస్తే గుండె దడే.

మూడో రోజు నా పాస్‌పోర్టు సేటు బీరువాలోకి పోయింది. 2015లో కువైట్ చేసిన 68వ నంబరు చట్టం ఏమంటోంది? పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు పెట్టుకోకూడదంటోంది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికొక రోజు సెలవివ్వాలి అంటోంది. 2016లో కనీస జీతం 60 దినార్లని తేల్చినారు. చట్టం బాగానే ఉంది. అయితే అది అరబ్బీలో ఉంది, బీరువా తాళం సేటు జేబులో ఉంది. మనల్ని పిలిపించిన కఫీలు మీదనే మన అకామా ఆధారపడి ఉంటే, ఆయన మీద ఫిర్యాదు చేసే ధైర్యం ఎవరికొస్తుంది? పని వదిలి బయటికొస్తే పారిపోయినవాడని కేసు పెడతాడు. కంపెనీ వీసా వాళ్ల గతి మెరుగనుకోవద్దు. 2025 జూలై 1 నుంచి వాళ్లు ఆ దేశం దాటి ఇంటికి రావాలన్నా యజమాని అనుమతి ఉండాల్సిందే.

ఆ వారమే నాకు ఇంకో సంగతి తెలిసింది. చిన్నప్పటి నుంచి ఖురాన్ ఓదిన నోరు నాది. కారు టైరులో గాలి పోయిందని సేటుకు చెప్పడానికి మాట రాక చేతులు తిప్పినాను. మా ఇంట్లో మాట్లాడే ఉర్దూ అక్కడి అరబ్బుకు అర్థం కాదు. నన్ను అతను పిలిచే పిలుపు 'హిందీ'. అంటే ఇండియావాడని. ఇక్కడ పుట్టి, ఇక్కడే తాతల గోరీలున్న నన్ను నా ఊళ్లో తురకోడంటారు. వేల మైళ్ల అవతల ఒక అరబ్బు మాత్రం ఏ అనుమానమూ లేకుండా ఇండియావాడంటాడు. మా దేశభక్తికి సర్టిఫికెట్టు అడిగేవాళ్లు ఈ సంగతి రాసిపెట్టుకోవాలి.

తొలి జుమ్మా వచ్చింది. మసీదులో సేటూ నేనూ ఒకే వరసలో భుజానికి భుజం ఆనించి నమాజు చేసినాం. అబద్ధమెందుకు, కళ్లలో నీళ్లు తిరిగినాయి. సలాం చెప్పి లేచినాక ఆయన వెనక సీటులో కూచున్నాడు, నేను స్టీరింగు పట్టుకున్నాను. ఆ సమానత్వం మసీదు గడప దాటలేదు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలని మా మౌల్వీలు మాకు చిన్నప్పుడే నేర్పినారు. ఆ పాఠం మాకు నోటికొచ్చు. కూలి ఇవ్వాల్సినవాళ్లకు రావాలి కదా?

మరి ఆ తొలి రోజుల్లో నన్ను ఆదుకున్నదెవరు? శుక్రవారం సాయంత్రం మాలియా వైపు పోతే తెలుగు వినబడుతుంది. అక్కడ కలిసింది కోనసీమ మాలపల్లె నుంచి వచ్చిన ఒకామె. మెడలో శిలువ. నా మొహం చూసి "తిన్నావా తమ్ముడూ?" అని అడిగింది. డబ్బాలో ఉన్న పులిహోర సగం పెట్టింది. ఆమె నాకు నేర్పిన మొదటి అరబ్బీ మాట 'మఆష్'. జీతం అని అర్థం. రెండో మాట 'బాచర్'. రేపు అని అర్థం. మొదటి మాట మనం అడిగేది, రెండోది వాళ్లు చెప్పేది. ఆమెదీ నాదీ ఒకే ఇరవై నంబరు వీసా. పరాయి దేశంలో నా ఖౌమ్ ఏదో ఆ సాయంత్రం తేలిపోయింది. వీసా నంబరు కలిపినంతగా ఏ జెండా మమ్మల్ని కలపలేదు.

అరబ్బు దేశం ప్రతి ముస్లింకూ పుట్టిల్లనేవాళ్లు బిదూన్ల సంగతి తెలుసుకోవాలి. బిదూన్ అంటే 'లేకుండా' అని. కువైట్‌లో పౌరసత్వం లేకుండా బతికేవాళ్లు దాదాపు లక్షమంది. వాళ్లూ ముస్లింలే. వాళ్లు మాట్లాడేదీ అరబ్బీయే. ఎందరో తరాలుగా అక్కడే పుట్టి పెరిగినారు. వాళ్లకే ఇవ్వని దేశాన్ని రాయచోటి సాయిబుకు ఇస్తారా? 1990 ఆగస్టు 2న కువైట్ మీదికి సైన్యాన్ని పంపిన ఇరాక్ కూడా ముస్లిం దేశమే. అప్పుడు మనవాళ్లు ఏ 'ముస్లిం దేశం'లో ఉండిపోయినారు? జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా పడుతూ లేస్తూ పోయి, అక్కడి నుంచి విమానాల్లో బొంబాయి చేరినారు. దాదాపు 1,70,000 మంది భారతీయులు అట్లా ఇల్లు చేరినారు. కష్టమొస్తే ఎవరు ఎటు పరుగెత్తుతారో అదే వాళ్ల దేశం.

ఇంకో చరిత్ర కూడా ఉంది. 1961 దాకా కువైట్‌లో చెల్లింది మన రూపాయే. గల్ఫ్ కోసమని 1959లో మన రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా నోట్లు అచ్చేసింది. ముత్యాలమ్ముకోవడానికి కువైట్ వ్యాపారులే బొంబాయికి వచ్చేవాళ్లు. చమురు డబ్బు వచ్చినాక దారి తిరగబడింది. ఆ దారిని తిప్పింది మతం కాదు, డబ్బు. మేం పోయింది ఉమ్మత్‌ను వెతుక్కుంటూ కాదు, అన్నం వెతుక్కుంటూ. సెంటు భూమి లేక, పంక్చరు అంగడితో, బీడీల పనితో ఇల్లు గడవక పోయినాం. ఈ దేశంలో ముస్లిం ఎంత వెనకబడి ఉన్నాడో 2006లో సచార్ కమిటీ లెక్కలతో సహా చెప్పింది. ఇక్కడ పని ఇవ్వకుండా, పని కోసం అక్కడికి పోతే 'వాళ్ల దేశం పోయినారు' అనడం ఏం న్యాయం?

మన ఖౌమ్ పెద్దలకూ ఒక మాట చెప్పాలి. ముస్లిం దేశాన్ని బజారుకీడ్చవద్దు, సబర్ చేయండి అంటున్నారు. ఎవరి సబర్? నాలుగు గోడల మధ్య రాత్రి ఒంటిగంట దాకా గిన్నెలు తోమే మా అక్కాచెల్లెళ్ల సబరా? గల్ఫ్ డబ్బుతో కట్టిన మసీదు మినారు చూపించి మురిసిపోతారు. ఆ డబ్బు పంపిన ఆడమనిషి జీతం బాకీ గురించి ఒక్క జుమ్మా బయానులో మాట్లాడినారా? 30 ఏళ్లు నిండని ఆడవాళ్లను ఇంటి పనికి పంపకూడదని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఏజెంట్లు విజిట్ వీసా మీద ఎక్కించి పంపుతున్నారు. ఆ ఏజెంటుకు గడ్డం ఉంటే ఏమి, బొట్టు ఉంటే ఏమి? వాడు మన శత్రువే.

2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కూలీల బిల్డింగు తగలబడింది. దాదాపు 50 మంది చనిపోయినారు. ఎక్కువమంది మన దేశంవాళ్లే. వాళ్లలో ఆంధ్రావాళ్లూ ఉన్నారు. శవపేటికలు వచ్చినప్పుడు వాటి మీద మతం చూసి ఏడ్చినవాళ్లు లేరు. బతికున్నవాళ్ల దగ్గర మాత్రం మతం ఎందుకు చూడాలి?

అందుకే అడుగుతున్నాం. విమానం ఎక్కకముందే ఒప్పందం తెలుగులో, ఉర్దూలో మా చేతికివ్వండి. దొంగ ఏజెంట్లను జైల్లో పెట్టండి. జీతం ఎగ్గొట్టినవాడి మీద కేసు నడపడానికి మన ఎంబసీలో మా భాష తెలిసిన మనిషిని పెట్టండి. అన్నిటికంటే ముందు, అప్పు చేసి పరాయి దేశం పోవాల్సిన అవసరం లేకుండా ఇక్కడే పని చూపించండి. ఇవి దానం కాదు, పౌరులుగా మా హక్కు. యాభై దేశాల లెక్క మాకు చెప్పొద్దు. ఉన్న ఈ ఒక్క దేశంలో మా వాటా ఎంతో చెప్పండి.