కాగితంపై కిలోమీటర్లు

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారికి ఒక అంకె కొట్టినపిండి. ఒక టన్ను ద్రవ ఇనుము తీయడానికి బ్లాస్ట్ ఫర్నేస్ ఎన్ని కిలోల కోక్‌ను భక్షించిందన్నదే ఆ అంకె. అది ఎవరో ప్రకటించేది కాదు. తూచి కొలిమిలో పోసిన కోక్‌ను తూచి బయటికి తీసిన ఇనుముతో భాగిస్తే వచ్చేది. వాతావరణం అనుకూలంగా ఉంటే ఇంత, ముడి ఖనిజం మేలైనదైతే ఇంత అని చెప్పి తప్పించుకోవడానికి అక్కడ వీలులేదు. అదే పట్టణంలో 1945లో రైలింజన్ల కోసం స్థాపితమైన టెల్కో, 1954లో జర్మనీకి చెందిన డెయిమ్లర్ బెంజ్ సహకారంతో లారీల తయారీకి పూనుకున్నది. టాటా మోటార్స్‌గా పేరు మారిన తరువాత కూడా జంషెడ్‌పూర్ లారీల ఊరుగానే కొనసాగుతున్నది. అయితే అక్కడ తయారయ్యే లారీ గాని, దేశంలో మరెక్కడ తయారయ్యే కారు గాని లీటరు ఇంధనంతో నిజంగా ఎంత దూరం నడుస్తుందన్న ప్రశ్నకు మాత్రం కోక్ లెక్కవంటి నిక్కచ్చి సమాధానం కొనుగోలుదారుకు నేటికీ లభించడం లేదు.

లభిస్తున్నది ప్రయోగశాల అంకె. కారును రోలర్లపై నిలిపి, ముందుగా నిర్ణయించిన వేగాల పట్టిక ప్రకారం సుమారు 20 నిమిషాలు నడుపుతారు. పొగగొట్టం నుంచి వెలువడిన వాయువులలోని కర్బనాన్ని లెక్కగట్టి, ఎంత ఇంధనం కాలిందో తేలుస్తారు. భారతదేశంలో దీర్ఘకాలంగా అనుసరిస్తున్న పట్టికలో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. గది ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. ఏసీ పనిచేయదు. గుంతలు లేవు, ఎదురుగాలి లేదు, రైల్వే గేటు లేదు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే జార్ఖండ్‌లో గాని, అంతకు తీసిపోని రామగుండంలో గాని ఏసీ వేయకుండా కారు నడిపేవారెందరో ఊహించుకోవచ్చు.

ఈ పరీక్షను బూటకమని కొట్టివేయడం సరికాదు. రెండు కార్లను పోల్చాలంటే రెండింటికీ ఒకే షరతులు ఉండక తప్పదు. ఆ పని ప్రయోగశాలలోనే సాధ్యం. చిక్కల్లా పోలిక కోసం పుట్టిన అంకెను వాగ్దానంగా అమ్మడంలో ఉన్నది. ఈ అంతరం స్పోర్ట్స్ కార్ల విషయంలో మరింత స్పష్టంగా బయటపడుతుంది.

2017లో టాటా మోటార్స్ జెనీవా ప్రదర్శనలో రేస్‌మో అనే చిన్న స్పోర్ట్స్ కారును ఆవిష్కరించింది. దానిలోని 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజన్ 190 అశ్వశక్తిని ఇస్తుందని ప్రకటించారు. ఆ కారు మార్కెట్‌కు రానేలేదు. అయినా అటువంటి ఇంజన్ స్వభావం గమనించదగినది. ప్రయోగశాల పట్టిక కోరే నెమ్మదైన పరుగుకు 190లో చిన్న భాగం చాలు. అప్పుడది మామూలు చిన్న కారు ఇంజన్‌లాగే పొదుపుగా ప్రవర్తిస్తుంది. యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కినప్పుడు టర్బో అదనపు గాలిని కూరుతుంది. దానికి తగిన పెట్రోలు కావాలి. పైగా భాగాలు వేడెక్కి చెడిపోకుండా చల్లబరచడానికి మరికొంత పెట్రోలును ఇంజన్ కావాలనే వృథా చేస్తుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డగింపు నాలుగు రెట్లవుతుంది. ఇక పెద్ద ఇంజన్ ఉన్న స్పోర్ట్స్ కారుది వేరే అవస్థ: నెమ్మదిగా నడిపినప్పుడు ఆ ఇంజన్ సన్నని సందులోంచి గాలి పీల్చుకోవడానికే శక్తిలో కొంత భాగాన్ని ధారపోస్తుంది. ఏనుగును బండికి కట్టి కూరగాయలు తెప్పించినట్లుంటుంది.

టాటాల ఆధీనంలోనే ఉన్న జాగ్వార్ కంపెనీ తయారుచేసిన ఎఫ్-టైప్ ఇందుకు మంచి తార్కాణం. ఈ కారు ఉత్పత్తి 2024లో ఆగిపోయింది. నాలుగు చక్రాలకూ శక్తి అందే 5 లీటర్ల వి8 రకానికి ఐరోపా పాత పరీక్షలో 100 కిలోమీటర్లకు సుమారు 11.3 లీటర్ల వినియోగం నమోదైంది. అంటే లీటరుకు దాదాపు 8.9 కిలోమీటర్లు. అదే కారుకు అమెరికా ప్రభుత్వ సంస్థ ఇచ్చిన అంకె గ్యాలన్‌కు సుమారు 18 మైళ్లు, లీటరుకు 7.7 కిలోమీటర్లు మించదు. కారు మారలేదు, మారింది పరీక్ష మాత్రమే. అమెరికా 1985 మోడల్ నుంచే ప్రయోగశాల అంకెలను కొంత తగ్గించి ముద్రించడం మొదలుపెట్టింది. 2008 మోడల్ నుంచి అతివేగం, 35 డిగ్రీల వేడిలో ఏసీ వాడకం, గడ్డకట్టే చలిలో ప్రయాణం కూడా పరీక్షలో చేర్చింది. వాస్తవానికి దగ్గరైన కొద్దీ అంకె చిన్నదైంది.

పరీక్షలో నెగ్గడానికే యంత్రాన్ని మలచిన ఉదంతం కూడా అమెరికాలోనే ఉన్నది. 1978 చట్టంతో అక్కడ పెట్రోలును విపరీతంగా తాగే కార్లపై ప్రత్యేక పన్ను వచ్చింది. తరువాతి కాలంలో దాని గీత లీటరుకు సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్ల వద్ద స్థిరపడింది. 1989లో షెవర్లే కార్వెట్ స్పోర్ట్స్ కారులో ఒక ఏర్పాటు చేశారు: మొదటి గేరులో నెమ్మదిగా పోతూ రెండో గేరు వేయబోతే, గేరు కడ్డీ డ్రైవరు ఇష్టంతో నిమిత్తం లేకుండా నాలుగో గేరులోకి జారుతుంది. పరీక్షలో మైలేజీ పెరిగింది, పన్ను తప్పింది. కొన్నవారు ఆ ఏర్పాటును నిలిపివేసే చవక పరికరాన్ని కొని తగిలించుకున్నారు! చట్టం ప్రకారం ఇందులో మోసమేమీ లేదు. 2016లో జపాన్‌లో మిత్సుబిషి చేసినది మాత్రం మోసమే. సుమారు 6.25 లక్షల చిన్న కార్ల మైలేజీ పరీక్షలలో అంకెలను తారుమారు చేసినట్లు ఆ కంపెనీ అంగీకరించింది. ఆ కార్లలో చాలా వాటిని తన పేరుతో అమ్ముతున్న నిస్సాన్ సంస్థ స్వయంగా కొలిచి చూడబట్టి ఆ గుట్టు రట్టయింది.

స్వయంగా కొలవడం సామాన్యునికి సాధ్యమా అంటే సాధ్యమే. ట్యాంకు నిండా పోయించి, మీటరు అంకె రాసుకుని, మళ్లీ నిండా పోయించి భాగించడం లారీ యజమానులకు తాతలనాటి విద్య. అయితే అందులో మెలకువలున్నాయి. బంకులో గొట్టం ఒకసారి ముందుగా, మరోసారి ఆలస్యంగా ఆగితే లీటరు తేడా వస్తుంది. పది లీటర్ల లెక్కలో అది పది శాతం. వంద లీటర్ల లెక్కలో ఒక శాతమే. కనుక ఒక్క ట్యాంకుతో తీర్పు చెప్పరాదు. వరుసగా ఆరేడు సార్లు పోయించిన ఇంధనాన్ని కూడితే, తప్పు మొదటి నింపుడులోను చివరి నింపుడులోను మాత్రమే మిగులుతుంది. పెట్రోలు వేడికి వ్యాకోచిస్తుంది. పది డిగ్రీలకు సుమారు ఒక శాతం. టైర్ల కొలత మార్చిన కారులో దూరం చూపే మీటరే తప్పుతుంది. స్పోర్ట్స్ కారు యజమానులకు వెడల్పు టైర్లపై మోజు ఎక్కువ కనుక ఈ చివరి విషయం వారు మరువరాదు.

లెక్కలో మరో ఉచ్చు ఉన్నది. 100 కిలోమీటర్లు లీటరుకు 20 చొప్పున, మరో 100 కిలోమీటర్లు 10 చొప్పున నడిచిన కారు సగటు 15 అని తోస్తుంది. నిజానికి కాలినది 15 లీటర్లు, నడిచినది 200 కిలోమీటర్లు, సగటు 13.3 మాత్రమే. వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లన్న ఐరోపా పద్ధతిలో ఈ భ్రమకు తావు లేదు. ఆ పద్ధతిలో చూస్తే మరొక సంగతి తేటతెల్లమవుతుంది. కారు మైలేజీ 20 నుంచి 25కు పెరిగితే వంద కిలోమీటర్లకు ఒక్క లీటరు మిగులుతుంది. లారీ మైలేజీ 4 నుంచి 5కు పెరిగితే ఏకంగా 5 లీటర్లు మిగులుతాయి. కార్ల ప్రకటనలలో దశాంశ స్థానాల కోసం జరిగే పోరాటం కన్నా జంషెడ్‌పూర్ లారీలో ఒక్క కిలోమీటరు పెరగడం దేశానికి ఎన్నో రెట్లు మేలు. ముడిచమురు అవసరాలలో 85 శాతానికి పైగా దిగుమతులతో తీర్చుకుంటున్న దేశమిది.

మరి ఆ లారీని కొలుస్తున్నదెలా? 12 టన్నులు, అంతకు పైబడిన డీజిల్ వాహనాలకు 2017 ఆగస్టులో కేంద్రం ఇంధన ప్రమాణాలను ప్రకటించింది. లారీని పరీక్షా మార్గంపై గంటకు 40 కిలోమీటర్ల స్థిర వేగంతోను, 60 కిలోమీటర్ల స్థిర వేగంతోను నడిపి కొలవడం వాటి విధానం. చైబాసా, నోవాముండి ఖనిజ ప్రాంతాల నుంచి ఇనుప రాయి మోసుకొచ్చే లారీ స్థిర వేగంతో నడిచేది ఎన్ని నిమిషాలు? బరువుతో ఎత్తు ఎక్కాలి, గనుల వద్ద వరుసలో ఇంజన్ ఆపకుండా నిలవాలి, నగర శివార్లలో ప్రవేశ సమయం కోసం వేచి ఉండాలి. 2018 జూలైలో లారీలు మోయగల బరువు పరిమితిని కేంద్రం పెంచిన తరువాత ఇరుసుల మీద భారం ఇంకా పెరిగింది.

ఈ అంకె తప్పితే దెబ్బ తగిలేది స్పోర్ట్స్ కారు కొన్న శ్రీమంతునికి కాదు. లారీ రవాణాలో డ్రైవరుకు ఫలానా మైలేజీ తేవాలని యజమాని నిర్ణయించడం, తగ్గితే ఆ మేరకు డీజిల్ ఖరీదును అతని సొమ్ము నుంచి కోయడం పరిపాటి. ఆ నిర్ణయానికి ఆధారం తరచుగా అమ్మకందారు చెప్పిన మాటే. డీజిల్ దొంగతనం రహదారులపై లేదని కాదు. అయితే దొంగతనం వల్ల తగ్గినదేదో, దారి వల్ల తగ్గినదేదో, అసలు మొదటినుంచీ లేని మైలేజీ ఏదో తేల్చే సాధనం డ్రైవరు చేతిలో లేదు. నింద మాత్రం అతనిదే. జంషెడ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కార్మిక కుటుంబాలు బిగించిన లారీని విజయవాడ ఆటోనగర్‌లో మరమ్మతు చేయించుకునే డ్రైవరుకు ఈ కోత కొత్త కాదు.

ఇంధనంలో వచ్చిన మార్పు కూడా ఈ చర్చకు పదును పెట్టింది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యాన్ని దేశం 2025లో చేరుకున్నది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా దాదాపు మూడోవంతు తక్కువ. మైలేజీ తగ్గుదల అనువైన కార్లలో 1 నుంచి 2 శాతమని, ఇతర వాటిలో 3 నుంచి 6 శాతమని ఆ ఏడాది ఆగస్టులో పెట్రోలియం శాఖ వివరణ ఇచ్చింది. అంతకన్నా ఎంతో ఎక్కువ తగ్గిందని వాహనదారులు గగ్గోలు పెట్టారు. మామూలు పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను సెప్టెంబరులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఎవరి మాట నిజమన్న వివాదాన్ని తీర్చగల రహదారి లెక్కలు మాత్రం ప్రజల ముందుకు రాలేదు.

ఆ లెక్కలు లేక కాదు. నేటి ఇంజన్‌లో ఎంత ఇంధనం చిమ్మాలో క్షణక్షణం నిర్ణయించేది కంప్యూటరే. డ్రైవరు ముందున్న తెరపై కనిపించే సగటు అందులోనిదే. ఐరోపా కూటమి 2021 నుంచి ప్రతి కొత్త కారులో జీవితకాల ఇంధన వినియోగం, నడిచిన దూరం నమోదు కావాలని శాసించింది. సుమారు 6 లక్షల కార్ల లెక్కలతో 2024 మార్చిలో నివేదిక వెలువడింది. పెట్రోలు, డీజిల్ కార్లు కొత్త పరీక్ష చూపినదాని కన్నా సుమారు 20 శాతం ఎక్కువ కాలుస్తున్నాయని తేలింది. ప్లగ్ పెట్టి చార్జి చేసుకునే హైబ్రిడ్ కార్లయితే కాగితం మీది అంకెకు మూడున్నర రెట్లు! పర్యావరణ మిత్రులుగా పన్ను రాయితీలు పొందిన వాహనాల అసలు రంగు పరీక్ష మార్చడం వల్ల గాక, రహదారిని లెక్కించడం వల్లనే బయటపడింది.

భారతదేశంలో ఇందుకు తగిన ఏర్పాట్లు కొంతవరకు సిద్ధంగానే ఉన్నాయి. టాటా మోటార్స్ తన లారీలకు ఫ్లీట్ ఎడ్జ్ పేరుతో ఇంధన వినియోగాన్ని దూరం నుంచే యజమానికి చూపే సదుపాయం కల్పిస్తున్నది. అంటే ఆ సమాచారం ఇప్పటికే పోగవుతున్నది. బయటికి రావడమే తరువాయి. 2025 అక్టోబరులో టాటా మోటార్స్ లారీల వ్యాపారం, కార్ల వ్యాపారం రెండు వేర్వేరు కంపెనీలయ్యాయి. రెండింటికీ, వాటి పోటీదారులందరికీ ఒకే ఆదేశం ఇవ్వవచ్చు: ప్రతి మోడల్‌కు సంబంధించిన రహదారి వినియోగాన్ని ఏటా ప్రభుత్వానికి సమర్పించాలి. యజమాని పేరు, ప్రయాణించిన ఊర్లు అవసరం లేదు. లీటర్లు, కిలోమీటర్లు, లారీలకైతే మోసిన బరువు చాలు.

డ్రైవరును బట్టి మైలేజీ మారుతుందని తయారీదారులు అనవచ్చు. నిజమే. అందుకే ఒక్క సగటుతో సరిపెట్టరాదు. ఒకే మోడల్‌కు చెందిన నూరు కార్లను మైలేజీ వరుసలో నిలిపి, ఇరవై అయిదవ స్థానంలోని అంకెను, డెబ్బై అయిదవ స్థానంలోని అంకెను ముద్రించాలి. కుటుంబ కారులో ఆ రెండూ దగ్గరగాను, స్పోర్ట్స్ కారులో దూరంగాను ఉండవచ్చు. ఆ దూరమే కొనేవానికి కావలసిన సమాచారం. కార్ల కంపెనీలకు 2027 ఏప్రిల్ నుంచి కొత్త ఇంధన ప్రమాణాలు అమలు చేయాలన్న ప్రతిపాదనపై పరిశ్రమకు, ప్రభుత్వానికి మధ్య సాగిన వాదోపవాదాలన్నీ గ్రాముల పరిమితి చుట్టూ, చిన్న కార్లకు రాయితీ చుట్టూ తిరిగాయి. రహదారి లెక్కలను ప్రకటించాలన్న షరతు అందులో చేర్చడానికి కొత్త యంత్రమేదీ అవసరం లేదు, ఒక పేరా చాలు.