లేజర్ పండగ సరే.. దుండిగల్ ఆకాశంలోకి మాత్రం వద్దు!

సూపర్ మార్కెట్ బిల్లింగ్ దగ్గర బార్‌కోడ్ మీద పడే ఎర్ర గీత చూశారా? అది లేజర్. 1960 మే 16న కాలిఫోర్నియాలో థియోడర్ మైమన్ చిన్న కెంపు కడ్డీతో తొలి లేజర్‌ను వెలిగించారు. దీంతో పనేముందని అప్పట్లో పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. 2018 నుంచి యునెస్కో ఆ రోజునే అంతర్జాతీయ కాంతి దినోత్సవం జరుపుతోంది.

ఇప్పుడు బౌరంపేట్‌నే తీసుకోండి. టైల్స్ మేస్త్రి లెవెల్ చూసే గీత, గది కొలిచే మీటర్, ఇంటికొచ్చే ఫైబర్ నెట్.. అన్నీ లేజర్ పుణ్యమే. 2025 ఏప్రిల్ 13న కర్నూలులో 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్‌ను కూల్చారు కదా, ఆ వ్యవస్థను తయారుచేసిందీ మన హైదరాబాద్ డీఆర్‌డీఓ ల్యాబే.

అసలు చిక్కు ఇక్కడుంది. బౌరంపేట్‌కు దగ్గర్లోనే దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. శిక్షణ విమానాలు తిరిగే ఆకాశం అది. బరాత్‌లో, ఫామ్‌హౌస్ పార్టీలో డీజే వాళ్లు పైకి వదిలే పచ్చ కిరణం కింద సన్నగానే ఉంటుంది. దూరం వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. కాక్‌పిట్ అద్దంపై పడిందంటే వెలుగు చెదిరి పైలట్ కళ్లు బైర్లు కమ్ముతాయి. అదీ ల్యాండింగ్ టైమ్‌లో అయితే?

కాంతి దినోత్సవానికి ల్యాబుల్లో ప్రదర్శనలు పెడతారు. మంచిదే, కానీ ఈ శివారు సర్కారు బడులకూ రావాలి. ఖర్చెంత? గ్లాసు నీళ్లలో రెండు చుక్కల పాలు వేసి, టీచరే పక్క నుంచి పాయింటర్ వేస్తే గీత మెరుస్తుంది. పాయింటర్ మాత్రం పిల్లల చేతికివ్వొద్దు. కంట్లోకి కొడితే రెటీనా దెబ్బతింటుంది, పోయిన చూపు మళ్లీ రాకపోవచ్చు.