ఊరేగింపులు ఊరికే పోలేదు

అమెరికా, సోవియట్ యూనియన్ల మధ్యశ్రేణి అణు క్షిపణులను రద్దుచేసిన 1987 నాటి ఐఎన్‌ఎఫ్ ఒప్పందం క్షిపణుల మోహరింపు ఫలమే తప్ప జనం ఊరేగింపులకు అందులో పాత్ర లేదన్న వ్యాసకర్త వాదన కాలక్రమం ముందు నిలవదు. సోవియట్ ఎస్‌ఎస్-20లకు పోటీగా పశ్చిమ యూరప్‌లో పెర్షింగ్-2, క్రూయిజ్ క్షిపణులు పెట్టాలని నాటో 1979 డిసెంబరులో నిర్ణయించింది. 1981 అక్టోబరులో బాన్, లండన్, రోమ్ వీధులు నిరసనకారులతో నిండాయి. అంతకు నెల ముందే ఇంగ్లండులోని గ్రీన్‌హామ్ కామన్ వైమానిక స్థావరం ముందు మహిళలు శిబిరం వేశారు. ఇరుపక్షాలూ ఈ తరగతి క్షిపణులను పూర్తిగా వదులుకోవాలన్న ‘జీరో ఆప్షన్’ను అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించింది ఆ తర్వాతే, నవంబరులో. మాస్కో ఎలాగూ ఒప్పుకోదన్న ధీమాతోనే ఆయన సలహాదారుల్లో కొందరు దాన్ని బలపరిచారు. అది వేరే సంగతి. 1982 జూన్ 12న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో దాదాపు 10 లక్షల మంది అణ్వాయుధ పోటీని ఆపాలని కోరారు. మరుసటి మేలో అమెరికా ప్రతినిధుల సభ ఆ మేరకు తీర్మానం చేసింది.

నిరసనలు మోహరింపును ఆపలేకపోయిన మాట నిజమే. 1983 నవంబరులో క్షిపణులు రానే వచ్చాయి. వెంటనే సోవియట్ ప్రతినిధులు ఈ క్షిపణులపై జెనీవాలో సాగుతున్న చర్చల నుంచి లేచిపోయారు. అంటే మోహరింపు తొలి ఫలితం చర్చలు చెడడమే. సోవియట్ నేత గోర్బచేవ్ చొరవ లేనిదే అవి మళ్లీ గాడిన పడేవి కావు. అయితే చివరికి సంతకాలకు పునాది అయింది 1981 నాటి ప్రతిపాదనే. ఆ ఒప్పందం కింద 1991 నాటికి 2,692 క్షిపణులు ధ్వంసమయ్యాయి. ఆయుధాల వాటా లెక్కగట్టిన వ్యాసకర్త ఈ తేదీలను కూడా చూసి ఉండాల్సింది.