ముప్పది పాటల వెల

పరుల శ్రమను వెల చెల్లించక అనుభవించుట తప్పు. ఈ విషయమున మాకు భేదాభిప్రాయము లేదు. పాడినవానికి, వ్రాసినవానికి, వెనుక కూర్చుండి తబలా వాయించినవానికి కూడ ప్రతిఫలము దక్కవలసినదే. అయినను, ఆ ప్రతిఫలము పేర అమెరికా సంగీత సంస్థలు ఈ శతాబ్దారంభమున సాగించిన వేటను విద్యార్థి లోకము తెలిసికొనవలసి యున్నది. ఆ వేట కళాశాలల గడప వరకు వచ్చినది గనుక.

1999లో నాప్‌స్టర్ వచ్చినది. ఒకరి కంప్యూటరులోని పాట మరొకరికి ఉచితముగా చేరసాగినది. సంస్థలు న్యాయస్థానమునకు వెళ్ళగా 2001లో అది మూతపడినది. అంతవరకు తగవు వ్యాపారులకు వ్యాపారులకు నడుమ. 2003 సెప్టెంబరులో మాత్రము రికార్డింగు సంస్థల సంఘము శ్రోతల మీదనే తిరిగి, ఒక్కసారిగా 261 మందిపై దావాలు వేసినది. వారిలో న్యూయార్కు నగరమునకు చెందిన 12 ఏండ్ల బాలిక ఒకతె. 2,000 డాలర్లకు ఆ వ్యవహారము పరిష్కారమైనది. 2005లో, అప్పటికే కన్నుమూసిన ఒక వృద్ధురాలి పేర కూడ దావా పడినది, పిదప ఉపసంహరించుకొన్నారు. 2008 చివర ఈ పద్ధతిని విరమించు నాటికి సుమారు 35,000 మంది దీని వాత పడినారు.

వెల చెల్లించి కొన్నవారికైనను నెమ్మది లేకపోయినది. సోనీ బీఎంజీ సంస్థ 2005లో కొన్ని సీడీలలో పెట్టిన ప్రోగ్రాము, కొన్నవాని కంప్యూటరులో వానికి తెలియకుండ దాగి దాని భద్రతను చెరచినది. సంస్థ ఆ సీడీలను వెనుకకు తీసికొనవలసి వచ్చినది. నిజాయితీకి దక్కిన బహుమానమిది!

బోస్టను విశ్వవిద్యాలయపు విద్యార్థి యొకనికి 2009లో 30 పాటల నిమిత్తము జ్యూరీ విధించినది 6,75,000 డాలర్లు. అనగా పాటకు 22,500. 2003లో తెరచిన ఐట్యూన్సు అంగడిలో పాట వెల 99 సెంట్లు! ఆ విద్యార్థి నిర్దోషి యని మేము వాదించుట లేదు. న్యాయస్థానములో అతడే తప్పు ఒప్పుకొన్నాడు. న్యాయమూర్తి ఆ మొత్తమును పదవ వంతునకు తగ్గించినను, పై న్యాయస్థానమున అది నిలువలేదు. తప్పునకు, శిక్షకు నడుమ ఇంత అగాధమున్నప్పుడు ప్రజల కోపమును దొంగతనము మీది మమకారమని కొట్టివేయుట న్యాయమా?

మమ్ము ఎక్కువగా కలవరపెట్టినది 2007 నాటి పద్ధతి. సంఘము వారు విద్యార్థులకు వ్రాసిన బెదిరింపు లేఖలను విశ్వవిద్యాలయములకు పంపి, మీరే అందజేయుడని కోరినారు. దావా పడక ముందే వెంటనే సొమ్ము చెల్లించిన యెడల రాయితీ యట! సాధారణముగా అడిగినది మూడు నాలుగు వేల డాలర్లు. వకీలును పెట్టుకొను స్తోమత లేని పిల్లవాడు తప్పు చేసినను చేయకున్నను చెల్లించి తీరవలసినదే. పెక్కు విద్యాసంస్థలు లేఖలను అందజేసినవి. మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయము మాత్రము న్యాయస్థానపు ఆజ్ఞ లేనిదే ఆ పని చేయబోమన్నది. గురువు గురువుగానే ఉండవలెను గాని వసూలుదారు కారాదని ఆ సంస్థ గ్రహించినదని మా అభిప్రాయము.

భయము వలన ఫలితము కలుగునందురా? 2008 నాటికి ఆ దేశమున సీడీల అమ్మకములు 2003 నాటి కన్న ఎంతయో తగ్గినవి.

మన ఇండ్లలోను ఈ చరిత్ర కొంత ఉన్నది. అంగడివానికి ఖాళీ కేసెట్టు ఇచ్చి, కోరిన కవ్వాలీలు, సినిమా పాటలు ఎక్కించుకొన్న తరము మన తల్లిదండ్రులది. వారు దొంగలమని ఎన్నడును తలచి యుండరు. ఆ పని చట్టసమ్మతమని మేము అనబోము. చట్టము అనుమతించిన చోట సైతము రుసుము అడుగుట మరియొక అన్యాయము. వివాహ వేడుకలలో మ్రోగు పాటలకు మన కాపీరైటు చట్టము మినహాయింపు ఇచ్చినను వసూళ్ళు జరుగుచున్నవని ఫిర్యాదులు రాగా, 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వము ప్రకటన చేసి ఆ మినహాయింపును గుర్తు చేయవలసి వచ్చినది. బరాత్ ముందు మ్రోగు బ్యాండు మేళమునకు కూడ ప్రభుత్వ ప్రకటన కావలసిన రోజులివి.

కళాశాల కమిటీ వారికి మా విన్నపము రెండు మాటలు. అటువంటి లేఖ ఏదేని మన కార్యాలయమునకు వచ్చిన యెడల, న్యాయస్థానపు ఆజ్ఞ లేనిదే విద్యార్థి పేరు బయటికి ఇవ్వరాదు. ముందుగా ఆ విద్యార్థిని పిలిచి, చట్టము తెలిసినవారి సలహా ఇప్పించవలెను. రెండవది చిన్న కోరిక. గ్రంథాలయమునకు ఏటేట కొను ఉర్దూ, తెలుగు పుస్తకముల పట్టికలో కొన్ని గజళ్ళ, పదముల రికార్డింగులను కూడ, వెల చెల్లించియే, చేర్చవలెను.