మాస్టారి కబుర్లు: బొమ్మమనిషికి ఆకలి వేసింది



వేసవి సెలవులకు కోదాడ నుంచి నా మనవడూ, మిర్యాలగూడ నుంచి మనవరాలూ సూర్యాపేటలోని మా ఇంటికి వచ్చారు. పగలంతా ఎండ మండిపోతున్నది గనుక బయట ఆడుకోవటానికి వీలులేకపోయింది. వాళ్ల మేనమామ కంప్యూటరులో ఒక కొత్త ఆట పెట్టుకున్నారు. అందులో రాక్షసులు లేరు, యుద్ధాలు లేవు. ఒక బొమ్మమనిషిని తయారుచేసి, వాడికి ఇల్లు కట్టి, ఉద్యోగం చూపించి, రోజులు సవ్యంగా గడిచేటట్టు చూడటమే ఆట.

"ఇంతేనా? మా అమ్మ రోజూ చేసే పనే గదా ఇది!" అన్నది మనవరాలు.

మూడు రోజులు గడిచేసరికి ఇద్దరూ మొహాలు వేలాడేశారు.

మొదటి చిక్కు యంత్రంతోనే వచ్చింది. బొమ్మమనిషి ఒక అడుగు వేసి ఆగిపోయేవాడు. కాసేపటికి ఇంకో అడుగు వేసేవాడు. "కంప్యూటరు పాడైపోయింది, తాతా!" అన్నాడు మనవడు. పాడవలేదు. కంప్యూటరులో ఒక బీరువా, ఒక బల్ల ఉన్నాయనుకోండి. బీరువాలో పుస్తకాలన్నీ దాచుకుంటాం. చదివేటప్పుడు కావలసినవి తీసి బల్లమీద పరుచుకుంటాం. ఆ బల్లనే ర్యామ్ అంటారు. బల్ల చిన్నదైతే, ఒక పుస్తకం లోపల పెట్టి ఇంకొకటి తీయటంతోనే పొద్దు గడిచిపోతుంది. ఇప్పటి ఆటల్లో ఇళ్లూ, వీధులూ, మనుషులూ నిజంలాగా కనిపిస్తారు గనుక వాటికి పెద్ద బల్ల కావాలి. దక్షిణ కొరియాకు చెందిన క్రాఫ్టన్ సంస్థ 2025 మార్చి 28న 'ఇన్‌జోయి' అనే ఇటువంటి ఆటనే బయటికి తెచ్చింది. దాన్ని ముందస్తు విడుదల అన్నారు. అంటే గృహప్రవేశం అయింది గాని, సున్నాలు వేయటం ఇంకా మిగిలే ఉందన్నమాట. అటువంటప్పుడు లోపాలు కనబడటం వింత కాదు.

మేనమామ ఆటలోని బొమ్మల నాణ్యం కాస్త తగ్గించాడు. బొమ్మమనిషి చక్కగా నడిచాడు. అసలు చిక్కు అప్పుడు మొదలయింది.

మనవడు ఉన్న డబ్బంతా పెట్టి పెద్ద టీవీ, సోఫా కొన్నాడు. మంచం మాత్రం చవకది కొన్నాడు. వాడి బొమ్మమనిషి తెల్లవార్లూ టీవీ చూసి, పొద్దున లేవలేక, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మనవరాలు పొయ్యి, మంచం ముందుగా కొన్నది. ఆమె బొమ్మమనిషి వేళకు తిని, వేళకు పడుకుని, పని తప్ప మరొకటి ఎరగకుండా బతికాడు. ఒకనాడు ఆ మనిషి కూడా దిగులుపడి, పనికి పోనని మొండికేశాడు. స్నేహితుడంటూ ఒక్కడూ లేడు మరి!

ఎందుకిలా జరిగింది? ఈ తరహా ఆటలన్నిటికీ పెద్దన్న 'ది సిమ్స్'. దాన్ని విల్ రైట్ అనే అమెరికా దేశస్థుడు రూపొందించగా, 2000 సంవత్సరంలో విడుదల అయింది. 1991లో ఓక్లండు కొండల్లో చెలరేగిన మంటల్లో ఆయన ఇల్లు కాలిపోయింది. సామాన్లన్నీ మళ్లీ కొనుక్కోవలసి వచ్చినప్పుడు, మనిషికి నిజంగా కావలసినవేమిటి అని ఆయన ఆలోచించాడు. ఆ ఆలోచన ఈ ఆటలో చేరింది.

ఆ ఆటలో ప్రతి బొమ్మమనిషికీ ఎనిమిది అవసరాలు ఉంటాయి. ఆకలి, నిద్ర, శుభ్రత, కాలకృత్యాలు, సుఖం, వినోదం, స్నేహం, చక్కని పరిసరాలు. ఒక్కొక్క అవసరానికీ ఒక్కొక్క గీత. గంటలు గడిచేకొద్దీ గీతలు తగ్గిపోతూ ఉంటాయి. మనకు ఒక సెకను గడిస్తే అక్కడ ఒక నిమిషం గడుస్తుంది. అంటే మన 24 నిమిషాలకు వాళ్లకు ఒక రోజు అయిపోతుంది!

ఇంకొక తమాషా వినండి. అక్కడ తెలివి మనిషిలో కంటె వస్తువుల్లోనే ఎక్కువ ఉంటుంది. ఫ్రిజ్ "నా దగ్గరికి రా, ఆకలి తీరుస్తా" అంటుంది. టీవీ "నా దగ్గరికి రా, వినోదం ఇస్తా" అంటుంది. మనం ఏమీ చెప్పకపోతే, ఏ పిలుపు బలంగా ఉంటే బొమ్మమనిషి అటే నడుస్తాడు.

ఇదంతా చెబుతూ ఉంటే మనవడు కంప్యూటరు కట్టేసి లేచాడు. "నేను లెక్కల్లోనూ ఫెయిలే, ఆటలోనూ ఫెయిలే!" అన్నాడు. వాడి కళ్ల నిండా నీళ్లు.

నాకు ఏమీ తోచలేదు. కొంతసేపటికి, "ఆటలో నీకు ఏ గీత పడిపోయింది?" అని అడిగాను.

"నిద్ర."

"లెక్కల్లో ఏ గీత పడిపోయింది?"

వాడు తెల్లమొహం వేశాడు. "అది నాకెవరూ చెప్పలేదు, తాతా!" అన్నాడు.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ముప్పయి ఏళ్లకు పైగా నేను ఎర్రసిరాతో మార్కులు వేశాను. ఎందరి కాగితాలమీదనో సున్నాలు చుట్టాను. ఏ గీత పడిపోయిందో ఎందరికి చెప్పాను? వంటింట్లో నుంచి వాళ్ల అమ్మమ్మ, "పిల్లగాడు ఏడుస్తుంటే చూసుకుంట కూసున్నవా? పుస్తకం తీయరాదూ!" అన్నది.

ఆ సాయంత్రం ఇద్దరం పాత పరీక్ష కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం. కూడికలు వచ్చు, గుణకారాలు వచ్చు. పడిపోయింది భిన్నాలొక్కటే! హారాలు వేరైనప్పుడు ఎట్లా కలపాలో వాడికి తెలియదు. అమ్మమ్మ రొట్టె చేసి ఇచ్చింది. దాన్ని సగం చేశాం, సగాన్ని మళ్లీ సగం చేశాం. సగమూ పావూ కలిస్తే ముప్పావు అని చూసి తెలుసుకున్నాడు, ఆ ముప్పావూ తినేశాడు. సెలవులు అయ్యేసరికి భిన్నాలు అన్నీ వచ్చాయని చెప్పను గాని, వాటిని చూసి పారిపోవటం మానాడు.

ఆట కూడా మానలేదు. టీవీ అమ్మి మంచి మంచం కొన్నాడు. మనవరాలు తన బొమ్మమనిషిని పొరుగింటికి పంపించింది.

తలిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు ఓడిపోయి వచ్చినప్పుడు "నీకు చేతకాదు" అనకండి. ఏ గీత పడిపోయిందో పక్కన కూర్చుని వెతకండి. నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠమిది.

బాలలూ, ఈ నెల మీరు చేయవలసిన పని చెబుతాను. ఒక కాగితంమీద పైన చెప్పిన ఎనిమిది గీతలూ గీయండి. అవి మీవి కావు, మీ అమ్మవి. ఒక రోజంతా గమనించి, రాత్రికి ఏ గీత బాగా తగ్గిపోయిందో చూడండి. దాన్ని కొంచెమైనా నింపటానికి మీరేం చేయగలరో ఆలోచించండి. అన్నట్టు, మన ఇంట్లో కూడా వస్తువులు పిలుస్తూనే ఉంటాయి. మనం బొమ్మమనుషులం కాము గదా, ఏ పిలుపుకు లేవాలో మనమే నిర్ణయించుకోవచ్చు!