గర్భాశయ ముఖద్వార పరీక్షకు స్త్రీలు ఎందుకు రారు?

స్త్రీల ఆరోగ్యాన్ని గురించి సభలలో ప్రసంగించేవారి నోట తరచుగా వినిపించే మాటలు రెండు. ఒకటి అజ్ఞానం, రెండవది సిగ్గు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టే పరీక్షకు మన స్త్రీలు రాకపోవడానికి ఈ రెండింటినే కారణాలుగా చూపి, ముస్లిం స్త్రీల ప్రసక్తి వచ్చినప్పుడు పర్దాను మూడవ కారణంగా చేర్చి, అంతటితో విచారణ ముగించడం పరిపాటి అయినది. ఈ తీర్పుతో మేము ఏకీభవించలేకున్నాము. రానివారిని తప్పుపట్టడం తేలిక. వచ్చినవారికి ఎదురయ్యే గది ఎట్టిది, ఆ గదిలో వారితో మాట్లాడే తీరు ఎట్టిది అని ప్రశ్నించేవారు అరుదు.

ఇది కళాశాల వార్షిక సంచికలో చర్చింపదగిన విషయమేనా అని కొందరు పాఠకులు సందేహించవచ్చు. ఈ పరీక్ష ముఖ్యంగా ముప్ఫై ఏళ్ళు దాటిన స్త్రీలకు ఉద్దేశింపబడినది. మా విద్యార్థినుల తల్లులలో అత్యధికులు ఆ వయస్సువారే. కనుక ఇది మన ఇళ్ళలోని విషయమే.

ఈ వ్యాధి హఠాత్తుగా వచ్చిపడేది కాదు. హ్యూమన్ పాపిలోమా వైరస్ దీనికి మూలమని జర్మన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ 1980వ దశకంలో కనుగొన్నాడు. అందుకు 2008లో నోబెల్ బహుమతి పొందాడు. దాంపత్య జీవితం గల స్త్రీపురుషులలో అత్యధికులకు ఈ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. సాధారణంగా ఒకటి రెండేళ్ళలో దానంతట అదే పోతుంది. అట్లా పోక నిలిచిపోయిన కొద్దిమందిలో మాత్రం ముఖద్వారపు కణాలు క్రమక్రమంగా మార్పు చెంది, పదిహేను ఇరవై ఏళ్ళకు క్యాన్సర్‌గా పరిణమిస్తాయి. ఆ సుదీర్ఘమైన వ్యవధిలో ఒకటి రెండుసార్లు పరీక్షించి చూచినా, మార్పు చెందిన భాగాన్ని చిన్న చికిత్సతో తొలగించే అవకాశం ఉన్నది. ఇంత గడువిచ్చే క్యాన్సర్లు బహు కొద్ది. అయినప్పటికీ 2022 సంవత్సరపు అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1,27,000 మంది స్త్రీలు ఈ వ్యాధి బారిన పడ్డారు. సుమారు 80,000 మంది మరణించారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుండి 49 ఏళ్ళ వయస్సు గల స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరైనా లేరు.

కణాలను గీసి తీసి సూక్ష్మదర్శినిలో చూచే పాప్ పరీక్ష, పలుచని వెనిగర్ వంటి ఆమ్లాన్ని అద్ది ఒక నిమిషం తరువాత తెల్లబడిన మచ్చల కోసం కంటితో చూచే పరీక్ష, వైరస్ ఉన్నదీ లేనిదీ తేల్చే పరీక్ష అని ఇవి మూడు విధాలు. పాప్ పరీక్షకు పేరిచ్చిన జార్జి పాపనికొలావ్ గ్రీసు దేశం నుండి న్యూయార్క్ వచ్చి స్థిరపడిన వైద్యుడు. ఆయన పరిశోధనకు ఏళ్ళ తరబడి తన కణాలను ఇచ్చినది ఆయన భార్య మేరీ. ఈ చిన్న విషయాన్ని మేము ముఖ్యమైనదిగా భావిస్తున్నాము. తనను పరీక్షించే వ్యక్తి మీద ఆమెకు పూర్తి నమ్మకం ఉన్నది. ఎందుకు పరీక్షిస్తున్నారో ఆమెకు తెలుసు. తరువాత వచ్చిన కోట్లాది స్త్రీలలో ఎందరికి ఆ రెండూ దక్కినవి?

‘వద్దు’ అనే మాట ఒక్కటే అయినా, అది అందరి నోటా ఒకే అర్థంలో వెలువడదు. కూలికి పోయే స్త్రీ వద్దంటే, ఒక పూట కూలి పోతుందని అర్థం. ఆమెకు ఒంట్లో ఏ బాధా లేదు. బాధ లేనివారు ఆసుపత్రి మెట్లెక్కడం ఆమె ఎన్నడూ చూడలేదు. “మేరేకు క్యా హువా?” అని పాతబస్తీ ఇల్లాలు అడిగినా, “నాకేమైందని?” అని పల్లెటూరి స్త్రీ అడిగినా అడిగే ప్రశ్న ఒక్కటే, అది తెలివితక్కువ ప్రశ్న కూడా కాదు. వితంతువు, “ఆయన పోయి పదేళ్ళయింది, ఇంకా నాకెందుకమ్మా ఈ పరీక్ష?” అంటుంది. వైరస్ ఏళ్ళ తరబడి లోపల దాగి ఉండగలదని, ముట్లుడిగిన తరువాత కూడా వ్యాధి రావచ్చునని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పరీక్ష మాట ఎత్తగానే తన నడవడిని శంకిస్తున్నారేమో అని కలవరపడే గృహిణి మరొకరు. ఫలితపు కాగితంలో వైరస్ పేరు ఉంటే అత్తవారింట ఏమనుకుంటారో అన్న భయం కల్పితం కాదు. ఆ వైరస్ భర్త ద్వారా రావచ్చును, పెళ్ళయిన తొలినాళ్ళలోనే వచ్చి ఉండవచ్చును, ఎప్పుడు వచ్చినదో ఏ వైద్యుడూ తేల్చి చెప్పలేడు. అయినా మన ఇళ్ళలో నింద ఎవరి మీద పడుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ఒకసారి వెళ్ళి, మళ్ళీ వెళ్ళనని ఒట్టు పెట్టుకున్నవారు ఉన్నారు. వీరి మాట అందరికంటె శ్రద్ధగా వినదగినదని మా అభిప్రాయం. తెర లేని బల్ల, తలుపు తీసి లోపలికీ బయటికీ తిరిగే మనుషులు, ఏమి చేయబోతున్నారో చెప్పకుండానే లోపలికి చొప్పించిన చల్లని లోహపు పరికరం, నొప్పి అంటే “పిల్లల్ని కనలేదా?” అనే కసురు. ఇవి ఎవరు చెప్పినా ఇంచుమించు ఇవే మాటలు. దీనికి భిన్నంగా, ఒక నర్సమ్మ పక్కన కూర్చుని, పరికరం చూపించి, ఇబ్బందిగా ఉంటే ఆపమని చెప్పమ్మా, వెంటనే ఆపుతాను అన్నందుకు, మూడు నిమిషాలలో పని పూర్తయి తేలికపడిన మనస్సుతో ఇంటికి వచ్చి తన తోడికోడలిని కూడా పంపిన స్త్రీలూ ఉన్నారు. పరీక్ష ఒక్కటే. వ్యత్యాసమంతా ఆ గదిలోని మాటతీరులో ఉన్నది.

మన రెండు తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకమైన ఒక విచిత్రాన్ని ఇక్కడ ప్రస్తావించవలసి ఉన్నది. పరీక్షకు రారని నింద మోస్తున్న మన స్త్రీలే గర్భసంచి తీయించుకోవడానికి మాత్రం వరుస కట్టారు. 2015-16 సర్వేలో, 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగింపబడినవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. అనేకులకు నలభై ఏళ్ళు నిండకముందే ఈ ఆపరేషన్ జరిగినది. తెల్లబట్ట అవుతున్నదని, నడుము నొప్పి అని వెళ్ళిన స్త్రీకి చాలా చోట్ల లభించిన సమాధానం ఒక్కటే: “పిల్లలు పుట్టారు కదా, ఇంక ఆ సంచితో పనేమిటి? ఉంచితే క్యాన్సర్ అవుతుంది.” తెల్లబట్టకు మామూలు మందులున్నవి. క్యాన్సర్ అనుమానమే ఉంటే దాన్ని తేల్చడానికి పైన చెప్పిన పరీక్షలున్నవి. ఆ పరీక్ష చేయకుండానే క్యాన్సర్ పేరు చెప్పి సంచి తీసివేయడం, దానితోపాటు అండాశయాలు కూడా తీసివేస్తే ముప్ఫై అయిదేళ్ళకే ముదిమి లక్షణాలు, ఎముకల బలహీనత తెచ్చిపెట్టడం వైద్యమా, వ్యాపారమా? అనవసరమైన గర్భసంచి ఆపరేషన్ల మీద దాఖలైన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్ర ప్రభుత్వపు మార్గదర్శకాలను మూడు నెలలలో అమలుపరచవలసినదని రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చినది. కనుక మన స్త్రీలకు క్యాన్సర్ భయం లేదనడం అసత్యం. భయాన్ని ధారాళంగా పంచిపెట్టారు. పరీక్షను మాత్రం పంచలేదు. బంగారం కుదువపెట్టి ఆపరేషన్ బల్ల ఎక్కిన స్త్రీని అజ్ఞాని అనడానికి మాకు నోరు రాదు. ఆమె తనకు చెప్పిన మాటను నమ్మినది, అంతే.

నమ్మకం ఒకసారి చెడితే మళ్ళీ కుదుటపడడానికి ఎన్నేళ్ళు పట్టునో ఖమ్మం జిల్లా చెబుతుంది. ఇదే వైరస్‌ను నిరోధించే టీకాను 2009లో ఆ జిల్లాలో పది నుండి పద్నాలుగేళ్ళ బాలికలు సుమారు 14,000 మందికి ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. గిరిజన వసతి గృహాలలో ఎందరో బాలికల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొన్ని మరణాలు సంభవించగా 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని అనుమతి తీసుకున్న విధానాన్ని 2013లో పార్లమెంటరీ సంఘం తీవ్రంగా ఖండించినది. టీకా మంచిదే. అడగవలసినవారిని అడగకపోవడం వలన మంచి వస్తువు కూడా చెడ్డపేరు తెచ్చుకున్నది.

సిగ్గు మన దేశపు స్త్రీల సొత్తు అనుకోవడం కూడా పొరపాటే. ఇంగ్లండులో పరీక్ష ఉచితం, ఇంటికి పిలుపు లేఖ వస్తుంది. అయినా ఇటీవలి సంవత్సరాలలో అర్హులైన ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరు సకాలంలో పరీక్ష చేయించుకోవడం లేదు. అక్కడ స్థిరపడిన దక్షిణాసియా స్త్రీలలో హాజరు మరింత తక్కువ. జేడ్ గూడీ అనే టెలివిజన్ తార ఈ వ్యాధితో 2009 మార్చిలో ఇరవై ఏడేళ్ళకే మరణించినప్పుడు లక్షలాది స్త్రీలు పరీక్షకు తరలివచ్చారు. కొంత కాలానికి ఆ వేడి చల్లారినది. భయం ఒకసారి రప్పించగలదు. మళ్ళీ మళ్ళీ రప్పించడానికి అది చాలదు.

పర్దా మాటకు వస్తే, మా పెద్దల కాలంలో దీనికి సమాధానం లేకపోలేదు. 1885లో మదరాసులో మేరీ షార్లీబ్ అనే వైద్యురాలు ఘోషా స్త్రీల కోసం ఆసుపత్రి స్థాపించినది. విశాఖపట్నంలో ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రిని జనం ఘోషా ఆసుపత్రి అనే పిలుస్తారు. హైదరాబాదులో విక్టోరియా జనానా ఆసుపత్రి పేరు వృద్ధులకు గుర్తుండే ఉంటుంది. పర్దా విడిచి రండి అని ఆ సంస్థలు స్త్రీలను శాసించలేదు. పర్దాతోనే రమ్మన్నవి, స్త్రీలు వచ్చారు. ప్రాణావసరం వేళ నిషిద్ధమైనది కూడా అనుమతింపబడుతుందని ఫిఖహ్ తెలిసిన ఏ మౌల్వీసాహెబును అడిగినా చెబుతారు. ధర్మం అడ్డు రాదు. తలుపుకు గడియ లేకపోవడం అడ్డు వస్తుంది. ముంబయి మురికివాడలలో 1998లో టాటా స్మారక ఆసుపత్రివారు ప్రారంభించిన అధ్యయనంలో పదవ తరగతి చదివిన స్త్రీలకే శిక్షణ ఇచ్చి వెనిగర్ పరీక్ష చేయించగా, పిలిచినవారిలో అత్యధికులు వచ్చారు, ఈ వ్యాధి వలన మరణాలు నూటికి 31 వంతులు తగ్గినవి. తెలంగాణలో 2023 మార్చి 8న ప్రారంభించిన ఆరోగ్య మహిళ కేంద్రాలలో మంగళవారాన్ని స్త్రీలకే కేటాయించడం కూడా ఈ దారిలోనిదే. ఇట్టి ఏర్పాటును మేము హర్షిస్తాము. ఒక్క రోజు చాలునా అన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడు మరొక మార్గం కూడా తెరుచుకున్నది. వైరస్ పరీక్షకు కావలసిన నమూనాను స్త్రీ తానే, తలుపు వేసుకొని, చిన్న కుంచె వంటి పుల్లతో తీసి ఇవ్వవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసిన మార్గదర్శకాలు దీనిని ఆమోదించినవి. ఆస్ట్రేలియాలో 2022 జూలై నుండి అర్హులైన స్త్రీలందరికీ ఈ ఎంపిక ఇచ్చారు. ముస్లిములు అధికసంఖ్యాకులైన మలేషియాలో రోజ్ అనే కార్యక్రమం క్రింద నమూనా స్త్రీలే తీసి ఇవ్వగా, ఫలితాన్ని వారి మొబైల్ ఫోనుకే పంపారు. బల్ల లేదు, పరికరం లేదు, పరాయి చెయ్యి లేదు. వైరస్ ఉన్నదని తేలినవారికి మాత్రం తరువాత వైద్యపరీక్ష తప్పదు. ఆ పరీక్ష కూడా అందుబాటులో లేకుండా పుల్లలు పంచిపెడితే ప్రయోజనం శూన్యం. ఖర్చు, ప్రయోగశాలలు అనే చిక్కులు కూడా ఉన్నవి. వాటిని తీర్చడం ప్రభుత్వపు బాధ్యత.

అంతా విని, అర్థం చేసుకుని, వద్దనే స్త్రీ ఉంటే ఆమె మాట చెల్లవలసినదే. ఆమెకు ఒక్క సంగతి మాత్రం తెలిసి ఉండాలి. ముట్లుడిగిన తరువాత రక్తం కనిపించినా, దాంపత్యం తరువాత గాని, నెలసరికి నెలసరికి మధ్య గాని రక్తం కనిపించినా, దుర్వాసనతో స్రావం అవుతున్నా అది ముందస్తు పరీక్షకు వేచి ఉండే సమయం కాదు, నేరుగా వైద్యురాలి దగ్గరకు వెళ్ళవలసిన సమయం.

చివరగా మా కళాశాలకు సంబంధించిన ఒక ప్రతిపాదన. ఆసుపత్రులు ఇచ్చే ఫలితపు కాగితాలు సాధారణంగా ఇంగ్లీషులో ఉంటాయి. ఉర్దూ మాత్రమే చదవగలిగిన తల్లి దానిని కొడుకు చేతనో, మందుల దుకాణం కుర్రవాని చేతనో చదివించుకోవలసి వస్తున్నది. ఏ మాటను దాచుకోవాలని ఆమె బురఖాలో పెట్టుకుని తెచ్చినదో, ఆ మాటే పరాయివాని నోట వినవలసి వస్తున్నది. మా ఉర్దూ, తెలుగు శాఖలవారు కలిసి ఒక పుట కరపత్రం తయారు చేయవచ్చును. పరీక్ష ఎట్లా చేస్తారు, ఎంతసేపు పడుతుంది, స్త్రీయే పరీక్షించాలని అడిగే హక్కు ఉన్నదా, నెగెటివ్ అంటే ఏమి, పాజిటివ్ అంటే ఏమి, పాజిటివ్ అన్నంత మాత్రాన క్యాన్సర్ కాదని, గర్భసంచి తీయాలంటే ముందు ఏ పరీక్ష జరిగినదో చూపమని అడగవచ్చునని, ఒక వైపు ఉర్దూలో, మరొక వైపు తెలుగులో, పెద్ద అక్షరాలలో. వైద్యురాలి చేత సరిచూపించి వచ్చే విద్యాసంవత్సరం ప్రవేశాల వేళ, ఫీజు రసీదుతోపాటు ప్రతి విద్యార్థిని చేతికీ ఇవ్వవచ్చును. అచ్చు ఖర్చు ఈ సంచికలో పది పుటల ఖర్చుకు మించదు.