అణువిపత్తు - కళాధర్మము

భస్మాసురుని కథ నెరుగని తెలుగువాడుండడు. ఆ కథ చెప్పునపుడు వరమిచ్చినవాని పేరు విడిచిపెట్టినచో మిగులునది వట్టి రాక్షసుని చిందులాట. అణువిపత్తును గూర్చిన చలనచిత్రముల కిట్టి గతియే పట్టినదని మేము విచారపడుచున్నాము.

1954 మార్చి 1వ తేదీని అమెరికా ప్రభుత్వమువారు పసిఫిక్ సముద్రమందలి బికినీ దీవియొద్ద ఉదజని బాంబును పరీక్షించిరి. అది హిరోషిమాను కాల్చిన బాంబుకంటె సుమారు వేయిరెట్లు బలమైనది. నిషిద్ధమండలమునకు వెలుపల చేపలు పట్టుచున్న జపాను పడవపై తెల్లని బూడిద కురిసెను. అందలి 23 మందియు వ్యాధిగ్రస్తులైరి. నిస్తంత్రీ వార్తల నంపు కుబోయామా సెప్టెంబరు 23వ తేదీని మరణించెను. ఇట్టి పరీక్షలు నిలుపవలయునని ఆ యేప్రిలులోనే నెహ్రూ పండితుడు మన లోకసభలో కోరెను. జపానులో మూడుకోట్లకు పైగా ప్రజలు సంతకములు చేసిరి.

ఆ నవంబరులోనే ఇషిరో హోండా దర్శకత్వమున ‘గోజిరా’ చిత్రము వెలువడెను. బాంబు పరీక్షలచే కలతచెందిన సముద్రరాక్షసి టోకియోను దహించుట అందలి కథ. తొలి దృశ్యమే మంటలలో మునుగు నోడ. తొమ్మిదియేండ్ల క్రిందట నగరములు కాలుట కన్నులార చూచిన ప్రజలకు అది పిల్లల వినోదము కాదు, తమ దుఃఖమే.

పిదప జరిగినదేమి? 1956లో అమెరికాలో ప్రదర్శించిన ప్రతియందు అణుపరీక్షల ప్రసంగములు పెక్కు తొలగించి, ఒక అమెరికను విలేఖరి పాత్రను చొప్పించిరి. 2014 నాటి హాలీవుడ్ చిత్రమందైతే బికినీ ప్రయోగము పరీక్షయే కాదట. రాక్షసిని చంపుటకై చేసిన యత్నమట! అపరాధమే ఆత్మరక్షణమయ్యెను.

కళకు కల్పన సహజమే, చిత్రము చరిత్రగ్రంథము కానక్కరలేదు అని కొందరందురు. మేమును కల్పనను నిషేధింపుమనుట లేదు. కాని ఆ బూడిదయే రోంగెలాప్ దీవివాసులపైనను పడెను. రెండుదినముల తరువాతగాని వారిని తరలింపలేదు. భయములేదని చెప్పి 1957లో మరల పంపిరి. వ్యాధులకు తాళలేక 1985లో వారు తమంతతామే దీవిని విడిచిరి. రాక్షసి పేరు లోకమంతట మారుమ్రోగుచున్నది. ఆ దీవి పేరెందరికి తెలియును?

గద్దెలపై నున్నవారు మరచిపొమ్మన్నదానిని జ్ఞాపకముంచుటయే కళ చేయదగిన ప్రజాసేవ. అది తప్పినచోట ఆ భారము ప్రేక్షకునిది. బిడ్డలను చిత్రశాలలకు గొనిపోవు పెద్దలు, రాక్షసి యెంత పెద్దదో చూపుటతో తృప్తిపడక, దానికి వరమిచ్చినవా రెవరో కూడ చెప్పుదురుగాక.